పక్కన కూర్చున్న మనిషి

మొన్న బంద్ రోజు పొద్దున్నే సిరిసిల్ల నుంచి ఫోన్ వచ్చింది. "బిడ్డా, మీ మేనత్త పోయింది. ఛాతిల నొస్తుందన్నది. దవాఖానకు తీస్కపోయే లోపట్నే..." మాట్లాడింది అత్త వాళ్ల వీధిలోనే ఉండే ఒక తల్లి. ఆమె గురించి చెప్పకుండా మా అత్త గురించి చెప్పలేను.

జగిత్యాల నుంచి బస్సుల్లేవు. నేనూ మా ఆయనా బండి మీద బయల్దేరాం. తెలంగాణ కోసం జనం నడిరోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటలు చేస్తున్నారు. చావుకు పోతున్నామంటే, "పోండ్రమ్మా, పైలం" అని దారి ఇచ్చారు.

అత్త పుట్టిల్లు కోరుట్ల. సిరిసిల్ల మామయ్యకు ఇచ్చి చేశారు. ఆయన సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, బట్ట నేసేవాడు. సాంచాలు ఆగిపోయిన రోజుల్లో, ఒకనాడు తన ప్రాణం తానే తీసుకున్నాడు. పిల్లలు లేరు. నాన్న చెల్లెల్ని ఇంటికి తెచ్చుకున్నాడు. నెలల తరబడి ఆమె గోడకు ఒరిగి కూర్చుంది. బీడీల చాట ముందుంటే ఆకు ముట్టుకునేది కాదు. మా వీధి చివరి చర్చి పాస్టరమ్మ రోజూ వచ్చేది. వాక్యం చెప్పేది కాదు, ఓదార్చేది కాదు. ఆ చాట తన ఒళ్లోకి తీసుకుని, రాకపోయినా బీడీలు చుడుతూ కూర్చునేది. ఒక మధ్యాహ్నం అత్త వాటిని చూసి, "గిట్ల చుడితె కార్ఖానోడు పారేస్తడమ్మా" అంది. మామయ్య పోయాక మేం విన్న ఆమె మొదటి మాట అది.

తర్వాత అత్త పాస్టరమ్మతో ఆదివారాలు చర్చికి వెళ్లసాగింది. కొన్నాళ్లకు బాప్తిస్మం తీసుకుంది. నాన్న కొండగట్టుకు మొక్కే మనిషి. అయినా చెల్లెలు అన్నం తింటోందని ఏమీ అనలేదు. సిరిసిల్లకు తిరిగి పోతానన్నప్పుడు మాత్రం అడ్డుపడ్డాడు.

"ఆ ఇంట్లకు మళ్ల ఎట్ల పోతవే?"

"నా లెక్క గోడకు ఒరిగినోళ్లు ఆడ శానమంది ఉన్నరన్నా. ప్రభువు నన్ను బతికించింది గందుకేనేమో."

వెళ్లింది. చావు జరిగిన ఇంటికల్లా పోయేది. మొదట పెరట్లోకి వెళ్లి అంట్లు తోమేది, ఆ తర్వాతే లోపలికి వచ్చేది. ఎవరైనా "ఊకో" అంటే, "ఏడ్వనియ్యుండ్రి" అనేది. ఎట్లా జరిగిందని ఎన్నడూ అడగలేదు. "ఆ ముచ్చట మళ్ల చెప్పిపిచ్చుడంటే ఇంకోసారి సంపుడే బిడ్డా" అని నాతో అన్నది.

ఉద్యమంలో అత్త వాళ్ల వీధి విద్యార్థి ఒకడు రాష్ట్రం కోసమని ప్రాణం తీసుకున్నాడు. నేను ఆ వారం అత్త దగ్గరే ఉన్నాను. ఇంటి ముందు ఫ్లెక్సీ, మైకు, దండలు. లోపల అతని తల్లి, మొన్న నాకు ఫోన్ చేసినామె, పచ్చి మంచినీళ్లు ముట్టడం లేదు.

"అందరు అమరుడంటున్నరు. నాకు అమరుడెందుకు? నా కొడుకు గావాలె" అందామె. తర్వాత అత్త వైపు తిరిగి, "మీ దేవుడు ఏడున్నడు ఆ దినం?" అని అడిగింది.

"నా పెనిమిటి పోయినప్పుడు నేను గూడ గదే అడిగిన అక్కా. జవాబు ఇంక రాలే."

"మరెందుకు మొక్కుతవ్?"

అత్త ఆమె చెయ్యి పట్టుకుంది. "ఒక్కదాన్నే ఉన్నప్పుడు ఆయనచ్చి నా పక్కకు కూసున్నడు. గది మాత్రం ఎరుకే."

ఆ తల్లి ఆ సాయంత్రం అత్త చేతి జావ నాలుగు గుటకలు తాగింది. చర్చికి రాలేదు. అత్త రమ్మనలేదు కూడా. కానీ తర్వాత చావు ఇళ్లకు ఇద్దరూ కలిసి వెళ్లేవారట.

మేం చేరేసరికి శవపెట్టె సిద్ధంగా ఉంది. చర్చివాళ్లు పాట పాడారు. పాట రానివాళ్లే ఎక్కువ మంది. వాళ్లు చీర చెంగులు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడ్డారు. నేను ఏడుస్తుంటే ఎవరూ ఊరుకోమనలేదు.

మట్టి వేసి అందరూ కదిలాక వెనక్కి తిరిగి చూశాను. ఆ తల్లి ఒక్కతే సమాధి పక్కన కూర్చుని ఉంది. తడిమట్టిలోంచి గడ్డలు ఏరి పక్కన పెడుతూ, జ్వరంతో పడుకున్న పిల్లవాడి మీద దుప్పటి సర్దినట్టు, అరచేత్తో ఆ మట్టిని మెల్లగా సరిచేస్తోంది.