గంటా యాభై నిమిషాల గట్టు

ప్రూఫులు దిద్దేవాళ్ళకి స్నేహితులు తక్కువ. పొద్దస్తమానం కోడిగుడ్డు మీద ఈకలు పీకే మనిషిని ఇంటికి ఎవరు పిలుస్తారు? ఇరవై రెండేళ్ళుగా ఒక అచ్చాపీసు వెనక గదిలో కిటికీ పక్కన కూర్చుని పరాయివాళ్ళ తప్పులు ఏరుతున్నాను. పైగా నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. అది తెలిసి కూడా నాతో స్నేహం చేసినవాళ్ళు ఇద్దరే ఇద్దరు, టేపు బాబాయి, వాళ్ళక్క. ఆ స్నేహం కూడా నా తప్పు వల్లే మొదలైంది.

బాబాయి భూముల సర్వే ఆఫీసులో ముప్పై నాలుగేళ్ళు టేపు పట్టాడు. అధికారి కాదు, గుమస్తా కూడా కాదు. టేపు కొస పట్టుకుని ముళ్ళకంపల్లోంచి అవతలి రాయి దాకా పోయి నిలబడే మనిషి. పెళ్ళి చేసుకోలేదు. వాళ్ళక్క టెలిఫోన్ ఎక్స్చేంజిలో ఒకే కుర్చీలో కూర్చుని ఊరందరి మాటలూ కలిపింది. ఆవిడా చేసుకోలేదు. ఇద్దరూ రెండు గదుల వాటాలో ఉండేవారు. "నేను వీణ్ణి భరిస్తున్నాను, వీడు నన్ను కొలుస్తున్నాడు" అనేది ఆవిడ ఎవరు కనిపించినా.

రిటైరయ్యాక ఇద్దరికీ నడక పిచ్చి పట్టింది. ఊరు దాటితే నది, నదికి ఈవల చెరువు, రెంటి మధ్యా కాలువ గట్లు. రోజూ పొద్దున్నే బస్సెక్కి ఏదో ఒక గట్టు మొదట్లో దిగేవారు, నడిచి నడిచి ఆ చివర బస్సెక్కి ఇంటికొచ్చేవారు. బాబాయి ఊరికే నడిస్తే బాబాయి ఎలా అవుతాడు? దారులన్నీ కొలిచాడు. బురద ఎక్కడ, నీడ ఎక్కడ, కుళాయి ఎక్కడ, ఏ చివర ఏ వేళకి బస్సు దొరుకుతుంది, అన్నీ ఒక నోటుబుక్కులో రాసుకున్నాడు. పర్యాటకుల ఆఫీసువాళ్ళు అది చూసి ముచ్చటపడి పుస్తకం వేస్తామన్నారు. 'నీటి పక్కన తేలిక నడకలు', మొత్తం పన్నెండు. ఆ ప్రూఫులు నా బల్ల మీదికొచ్చాయి.

పన్నెండోది చెరువు గట్టు. దూరం రెండున్నర కిలోమీటర్లు, సమయం గంటా యాభై నిమిషాలు అని ఉంది. పాకుతూ వెళ్ళినా అంత పట్టదే అనుకున్నాను. రాసినాయన్ని ఒక్క మాట అడగాలి కదా? అడగలేదు. 'గంటా' కొట్టేసి 'యాభై నిమిషాలు' మాత్రం ఉంచాను. నా తెలివికి నేనే మురిసిపోయాను కూడా.

మూడో రోజున ఒక సన్నటి మనిషి ఆ కాగితం పట్టుకుని నా బల్ల ముందు నిలబడ్డాడు.

"ఈ గట్టు మీద నువ్వు నడిచావా అమ్మాయ్?"

"లేదండీ."

"మరి ఎలా దిద్దావ్?"

"రెండున్నర కిలోమీటర్లకి గంటా యాభై ఏమిటండీ? నత్త కూడా నవ్వుతుంది."

"ఆ నత్తని నేనేనమ్మా" అని గుమ్మం దగ్గర్నుంచి ఒక గొంతు వినిపించింది. మా మెట్లెక్కి అలిసిపోయి, కాగితాల కట్టల మీద కూర్చుని, మోకాళ్ళు రుద్దుకుంటూ ఒకావిడ నవ్వుతోంది. సిగ్గుతో తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆవిడ మాత్రం నవ్వు ఆపకుండా, "దీన్నొకసారి గట్టు మీదికి తీసుకురారా. దిద్దేవాళ్ళకి కాళ్ళు కూడా ఉండాలి" అంది.

కొట్టేసిన 'గంటా'ని మళ్ళీ దాని చోట పెట్టి, అలా తర్వాతి సెలవు రోజున వెళ్ళాను. ఆ తర్వాత సెలవులన్నీ వాళ్ళతోనే గడిచాయి. అత్తయ్యా అని పిలవడానికి నాకు నెల పట్టలేదు.

ముప్పై ఏళ్ళు కదలకుండా కూర్చున్న మోకాళ్ళు ఆవిడవి. పది నిమిషాలు నడిస్తే మొరాయించేవి. కానీ నొప్పి అనే మాట ఆవిడ నోట నేను వినలేదు. తూము దగ్గరికి రాగానే, "ఉండరా, ఆ కొంగ ఏం చేస్తుందో చూద్దాం" అని రాయి మీద కూర్చునేది. పంపుహౌసు దగ్గరికి రాగానే, "ఈ మెట్ల మీద గాలి భలే వస్తుందిరా" అనేది. గాలి ఆడని రోజున కూడా అనేది. బాబాయి ఎన్నడూ 'నొప్పిగా ఉందా' అని అడగలేదు. పక్కన నిలబడి శ్రద్ధగా కొంగని చూసేవాడు. చూసి చూసి ఇంటికెళ్ళి రాసేవాడు. కొంగ ఏ కాలు ముందు ఎత్తుతుంది, నీటిపాము తల ఎంత పైకి పెడుతుంది, పొద్దెక్కేకొద్దీ చెరువు రంగు ఎలా మారుతుంది, ఇవన్నీ ఆ పుస్తకంలో ఉన్నాయి. దిద్దడానికి చేతులు రాని పేజీలు నా ఉద్యోగంలో అవే. అవన్నీ ఆవిడ మోకాళ్ళు పెట్టిన భిక్ష.

పోయిన ఏడాది వానలు వెనకబట్టాక అత్తయ్య పోయింది. మూడు రోజులు ఆసుపత్రిలో ఉంది, అంతే. బాబాయి ఏడవలేదు. ఆసుపత్రి కాగితాల మీద సంతకాలు పెట్టాడు, వచ్చినవాళ్ళకి కుర్చీలు వేశాడు, బస్సుల వేళలు చెప్పి పంపాడు. వారం తిరక్కుండా మళ్ళీ పొద్దున్నే బస్సెక్కాడు. నేనూ వస్తానంటే, "వద్దులే అమ్మాయ్, నీకు ఆఫీసుంది కదా" అన్నాడు. సెలవు రోజున ఆఫీసేమిటని నేను అడగలేదు.

ఇంతలో రెండో ముద్రణ వచ్చి పడింది. పర్యాటకుల ఆఫీసాయన ఉత్తరాల కట్టతో, బాబాయిని వెంటబెట్టుకుని మా అచ్చాపీసుకి వచ్చాడు. అన్నిటిలోనూ ఒకటే గోల. మీ పుస్తకం నమ్మి నడిస్తే అరగంటలో అయిపోయింది, తర్వాత బస్సు కోసం గంటకి పైగా ఎండలో మాడిపోయాం అని. టైములన్నీ మార్చాలని ఆయన తేల్చి చెప్పాడు.

"కాస్త మెల్లిగా నడవమనండి వాళ్ళని. తరుముకొస్తున్నది ఎవరట?" అన్నాను నేను.

బాబాయి నన్ను ఆపాడు. "వాళ్ళన్నది నిజమే అమ్మాయ్. కొలత కొలతే. నేను అక్క కాళ్ళని కొలిచాను గానీ దారిని కొలవలేదు."

"ఆ పుస్తకంలో అత్తయ్య పేరు ఎక్కడా లేదు బాబాయ్. ఉన్నవి ఆ నిమిషాలే. అవి కూడా తీసేస్తే ఇంకేం మిగులుతుంది?"

బాబాయి చాలాసేపు ఉత్తరాల కట్టకున్న దారం సర్దాడు. "తప్పు లెక్క అచ్చులో ఉంచలేను కదా" అన్నాడు చివరికి.

నెల తర్వాత కొత్త కాగితం తెచ్చాడు. పన్నెండు నడకలకీ కొత్తగా టైములు కట్టాడు. పాత పుస్తకం పక్కన పెట్టి చూశాను. ఒక్క నిమిషం కూడా తేడా లేదు.

"మళ్ళీ అంతే వస్తోంది అమ్మాయ్. వాచీ మార్చి కూడా చూశాను" అన్నాడు. దొంగతనం చేస్తూ దొరికినవాడిలా నిలబడ్డాడు.

ఆఫీసువాళ్ళు తమ గుమస్తాని పంపించి పదకొండు కొలిపించారు. ఆ కుర్రగుమస్తా పది రోజుల్లో పని చుట్టేశాడు. చెరువు గట్టు మాత్రం బాబాయి ఇవ్వలేదు. అత్తయ్య చివరిసారి నడిచింది దాని మీదే. "అది మనం చేద్దాం. నువ్వు నీ నడక నడువు, నేను రాసుకుంటాను. నాకోసం ఆగొద్దు" అన్నాడు.

గట్టు మొదట్లో దిగాం. టైము చూసి రాసుకుని, ఊ, అన్నాడు. వీలైనంత మెల్లిగా నడుద్దామనే నేను బయల్దేరాను. ఎలాగైనా ఆ గంటా యాభై నిలబెట్టాలని నా పట్టుదల. కానీ పక్కన ఆపేవాళ్ళు లేకపోతే కాళ్ళు వాటి దారిన అవి పోతాయి. తూము ఎప్పుడు దాటానో తెలియలేదు. కొంగ ఉందో లేదో కూడా చూడలేదు. పంపుహౌసు వచ్చింది, పోయింది. గట్టు చివర బస్సు ఆగే చోట బెంచీ దగ్గరికి చేరి వాచీ చూసుకుంటే ముప్పై ఆరు నిమిషాలు. నా మీద నాకే అసహ్యం వేసింది.

చెరువు గట్టు వంపు తిరిగి ఉంటుంది కాబట్టి ఆ బెంచీ నుంచి మొత్తం కనిపిస్తుంది. తూము దగ్గర బాబాయి నిలబడి ఉన్నాడు. రాయి ఖాళీగానే ఉన్నా కూర్చోలేదు. దాని పక్కన నిలబడి నీళ్ళవైపు చూస్తున్నాడు. చాలాసేపటికి కదిలాడు. మధ్యలో ఇంకో రెండు చోట్ల ఆగాడు. పంపుహౌసు మెట్ల దగ్గరా అంతే, నిలబడే ఉన్నాడు. అక్కణ్ణుంచి బయల్దేరబోతూ, లేవడానికి ఎవరికో ఆసరా ఇస్తున్నట్టు చెయ్యి చాపాడు. ఒక్క క్షణం అలాగే ఉంచి, ఆ చెయ్యి జేబులో పెట్టుకున్నాడు. ఇన్ని నెలలుగా ఈ మనిషి రోజూ ఇలాగే వస్తున్నాడా అని నాకు ఏడుపొచ్చింది. వద్దులే అంటే మానేసిన నన్ను చెప్పుతో కొట్టాలి.

ఆయన బెంచీ దగ్గరికి వచ్చేసరికి ఒక నిర్ణయానికి వచ్చాను. జీవితంలో మొదటిసారి తప్పు లెక్క అచ్చుకిద్దామనుకున్నాను.

"ఎంత పట్టింది అమ్మాయ్?"

"గంటన్నర."

"అబద్ధం ఆడకమ్మా. నువ్వు పంపుహౌసు దాటిన టైము తూము దగ్గర్నుంచి చూశాను. ఇరవై మూడో నిమిషం అది."

"ముప్పై ఆరు" అన్నాను తల దించుకుని.

నోటుబుక్కు తీసి, గంటా యాభై మీద గీత కొట్టి, పక్కన ముప్పై ఆరు అని వేశాడు. అంకె సరిగ్గా పడిందో లేదో ఒకసారి చూసుకున్నాడు. తర్వాత వెనక్కి తిరిగి, ఈ చివర నుంచి ఆ చివర దాకా గట్టుని చూశాడు.

"ఇంత చిన్న దారా అమ్మాయ్ ఇది?"

"చిన్నదే బాబాయ్."

దారంతా ఎక్కడా కూర్చోనివాడు అప్పుడు బెంచీ మీద కూలబడ్డాడు. అక్క పోయిన రోజున కూడా ఏడవని మనిషి చేతుల్లో మొహం పెట్టుకుని ఏడ్చాడు. పక్కన కూర్చున్నాను. బస్సు వచ్చి కాసేపు ఆగింది. డ్రైవరు మావైపు చూసి హారన్ కొట్టకుండానే వెళ్ళిపోయాడు.