సవరం ఊడకూడదు

నూనె రాయొద్దమ్మా అని నెత్తీ నోరూ మొత్తుకుని చెప్పేదాన్ని. ఒక్క తల్లీ వినేది కాదు. రాయ్‌పూర్ రైల్వే కాలనీలో ఉన్న పాతికేళ్ళూ, ఉగాదికి మా తెలుగువాళ్ళం వేసే నాటకాలకీ డాన్సులకీ జుట్లు దువ్వి నిలబెట్టే పని నాదే. నాకెవరూ అప్పగించలేదు. పెళ్ళయి విజయనగరం నుంచి వచ్చిన మొదటి ఏడు ఎవరికో ముడి బాగా వేశానట. అంతే, నా మెడకు చుట్టుకుంది.

మా రైల్వే ఇన్‌స్టిట్యూట్ హాల్లో స్టేజి చిన్నది. పైకప్పు రేకులు. పగలంతా ఎండకు కాలిన రేకులు సాయంత్రం ఆరింటికి కూడా సెగలు కక్కేవి. దానికి తోడు టాటీబంధ్ నుంచి వచ్చే లైట్లవాడు పెద్ద దీపాలు రెండు, చెయ్యెత్తితే అందేంత కిందకి కట్టేవాడు. వాటి కింద అయిదు నిమిషాలు నిలబడితే చాలు, తలలో నూనె కరిగి నుదుటి మీదికి కారేది. పిన్నులు జారేవి. పిన్నుల వెనకే పూలు, రాకొడి, సవరం అన్నీను. ఒక ఏడాది నాటకంలో రాణిగారి కొప్పు జారి భుజమ్మీద కూర్చుంటే, జనం నవ్వుల్లో పడి మిగతా నాటకం విననే లేదు. తర్వాత అందరూ నన్నే అన్నారు. రాణిగారి తలకి చారెడు నూనె రాసిన మహాతల్లిని ఒక్కరూ అనలేదు.

ఎనభైల్లో ఒక ఉగాదికి మా పక్క క్వార్టర్లో ఉండే గార్డుగారి అమ్మాయికి జడ వెయ్యాల్సి వచ్చింది. పదమూడేళ్ళ పిల్ల. నన్ను అత్తా అనేది. దీపావళి తర్వాత టైఫాయిడ్ వచ్చి జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడిపోతే గుండు చేయించేశారు. ఉగాది దగ్గర పడేసరికి మూడు వేళ్ళ పొడుగు పెరిగింది. స్కూల్లో ‘టకలీ’ అని, అంటే బోడిగుండని, ఏడిపించేవారట. ఎంత ఉక్కగా ఉన్నా తలకి కట్టిన స్కార్ఫు తీసేది కాదు. కానీ ఆ పిల్ల నాట్యం చూడాలి. నాకు నాట్యం గురించి ఏమంత తెలీదు. అయినా మెడ ఒక పక్కకు వాల్చి ఓరగా చూసిందంటే, చేస్తున్న పని మర్చిపోయి అలా నిలబడిపోయేదాన్ని. నాట్యం నేర్పే మాస్టారు, ఉగాదికి ఆడినవాళ్ళలోంచి ఒక్కరినే భోపాల్ పోటీకి తీసుకెళ్తానన్నారు. అది ఈ పిల్లేనని కాలనీలో అందరికీ తెలుసు.

పిల్ల మాత్రం స్టేజి ఎక్కనని మొండికేసింది. చివరికి ఒకరోజు మా వంటింటి గుమ్మంలో నిలబడి అడిగింది.

“చోటీ ఊడిపోదు కదా అత్తా? పక్కా? స్కూలు వాళ్ళందరూ వస్తారు.”

చోటీ అంటే జడ. మా పిల్లలకి సగం మాటలు హిందీలోనే వచ్చేవి.

“ఊడదు. నాదీ పూచీ,” అన్నాను. నా నోరు ఊరుకోదు కదా.

మూడు వేళ్ళ జుట్టుకి మోకాళ్ళ దాకా సవరం నిలబెట్టడం ఎలాగో తెలీక రెండు రోజులు బుర్ర బద్దలు కొట్టుకున్నాను. మాకు పాలు పోసే అతని సొంతూరు అభన్‌పూర్ దగ్గర పల్లె. వాళ్ళ ఊరి నాచాలో, అది మన వీధి భాగవతం లాంటిదే, ఆడవేషం కట్టేవాడు. పెట్రోమాక్సు దీపాల వేడిలో ఎంతసేపు గెంతినా తన కొప్పు చెక్కుచెదరదని గొప్పలు పోయేవాడు. అడిగితే కిటుకు చెప్పాడు. అవిసె గింజలు నీళ్ళలో ఉడికించి పలచటి బట్టలో వడకడితే జిగురు వస్తుంది. అది పట్టించి ఆరనిస్తే జుట్టు అట్ట కడుతుంది.

“ఫేర్ తేల్ ఝన్ లగాబే, బాయీ,” అని రెండుసార్లు హెచ్చరించాడు. నూనె మాత్రం తగలనివ్వొద్దని. ఆ ముక్క నాకు కాదు నాయనా, మా కాలనీకి చెప్పు అనుకున్నాను.

పది రోజులు ఆ పిల్లతో తంటాలు పడ్డాను. జుట్టుని చిన్న చిన్న పిలకలుగా దారంతో కట్టి, జిగురు పట్టించి, నల్ల నాడా తల చుట్టూ బిగించి, పిలకల్నీ సవరాన్నీ సూదీ దారంతో ఆ నాడాకి కుట్టేదాన్ని. మిట్టమధ్యాహ్నం డాబా మీద నిలబెట్టి గెంతమనేదాన్ని. లైట్ల వేడికి ఆ ఎండే పరీక్ష. మొదట రెండుసార్లు ఊడింది. తర్వాత ఊడలేదు. పిల్ల జడని ముందుకు విసిరి, మెడ తిప్పి, నవ్వింది. జ్వరం వచ్చి లేచాక ఆ పిల్ల నవ్వగా నేను చూడటం అదే మొదటిసారి.

ఉగాది రోజు నాలుగింటికి జిగురు గిన్నె, సూదులు పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళేసరికి పిల్ల తల మిలమిలా మెరిసిపోతోంది. పక్కనే వాళ్ళ నాయనమ్మ గిన్నె పట్టుకుని కూర్చునుంది. ఆముదం.

“ఇదేటి మామ్మగారూ?” అన్నాను.

“జొరం పడ్డ తలమ్మా. ఆ లైట్ల కింద మాడు మాడిపోదేటి? సలవ చేస్తాదని కాస్త అద్దేను.”

ఆవిణ్ణి ఏమనగలను? పిల్లకి జ్వరం ఉన్నన్నాళ్ళూ మంచం దిగనివ్వకుండా కాపలా కాసిన మనిషి. ఏమీ అనలేకే ఒళ్ళు మరింత మండిపోయింది. కుంకుడుకాయ పులుసుతో రెండుసార్లు రుద్దాను. ఆముదం కదా, ఒక పట్టాన వదలదు. మూడోసారి రుద్దేసరికి అయిదు దాటింది. తడి తలకి జిగురు సరిగ్గా పట్టదు. విసనకర్రతో విసురుతూ, తువ్వాలుతో ఒత్తుతూ, పిల్ల కళ్ళల్లో కుంకుడు పులుసు పడి ఏడుస్తుంటే చెరిగిన కాటుక మళ్ళీ దిద్దుతూ, ఆ గంటలో నా తల ప్రాణం తోకకొచ్చింది. హాలుకి చేరాక లైట్లవాణ్ణి దీపాలు కాస్త పైకి కట్టమంటే, “ఫోటో నహీ ఆయేగా, మేడమ్,” అన్నాడు. ఫోటోలు రావట.

వాడి మీద కోపం, మామ్మగారి మీద కోపం, అనవసరంగా పూచీ పడినందుకు నా మీద నాకే కోపం. అన్నీ కలిసి చివరికి పిల్ల మీదికి పోయాయి. తెర వెనక జడని ఆఖరిసారి లాగి చూశాను. జిగురు ఇంకా పచ్చిగానే ఉంది. జడ కాస్త కదిలింది.

“మెడ కదిపావంటే ఇది ఊడి ముందు వరసలో పడుతుంది. అప్పుడు నన్నేం అనకు,” అన్నాను.

పిల్ల సరేనని తల ఊపబోయి ఆగిపోయింది.

పాట మొదలయింది. నేను పక్క తెర చాటున నిలబడి జడనే చూస్తున్నాను. పాదాలు ఎలా పడుతున్నాయో, చేతులు ఏం చెబుతున్నాయో నాకు తెలీదు. నా కళ్ళన్నీ ఆ నాడా మీదే. అలిగిన నాయిక జడని విసురుగా ముందుకు వేసుకునే చోటు వచ్చింది. పిల్ల వేసుకోలేదు. బంగారుతల్లి, ఎంత తెలివైందో అనుకున్నాను. పావుగంట తర్వాత తెర పడింది. సవరం నేను ఎక్కడ కుట్టానో అక్కడే ఉంది. స్కూలు పిల్లలు చప్పట్లు కొట్టారు. నాకు కళ్ళనీళ్ళు వచ్చేశాయి. పిల్ల పరిగెత్తుకొచ్చి, “ఊడలేదు అత్తా,” అని నన్ను వాటేసుకుంది.

మాస్టారు వచ్చారు. ఆయన కోప్పడినా బాగుండేది.

“ఏమ్మా, నీ నాట్యమంతా ఆ మెడలోనే కదా ఉంది. ఇవాళ అలా బిగుసుకుపోయావేం?” అన్నారు.

“అత్త కదపొద్దంది మాస్టారూ,” అంది పిల్ల. ఫిర్యాదు చేస్తున్నట్టు కూడా అనలేదు. నేను చెప్పింది సరిగ్గా చేశానన్నట్టు అంది.

మాస్టారు నా వంక ఒకసారి చూసి వెళ్ళిపోయారు. భోపాల్‌కి ఇంకో అమ్మాయిని తీసుకెళ్ళారు.

ఆయన వెళ్ళాక పిల్లని స్టూలు మీద కూర్చోబెట్టి సవరం తియ్యబోయాను. రాలేదు. నేను తిట్టుకున్న ఆ లైట్ల వేడికే జిగురంతా ఎండి రాయి కట్టింది. జడ పట్టుకుని గట్టిగా లాగాను. జడతో పాటు పిల్ల తల వెనక్కి వచ్చింది గానీ సవరం రవ్వంత కూడా కదల్లేదు.

“ఇంత గట్టిగా ఉందా, అత్తా?” అంది పిల్ల.

కత్తెర తెమ్మన్నాను.