పేరు అడగని బుట్ట

1996 జూన్‌లో నన్ను అసెంబ్లీ షాపు నుంచి నాణ్యతా విభాగానికి డిప్యూటీ మేనేజరుగా మార్చారు. మా ఫ్యాక్టరీ బెంగళూరుకు దక్షిణాన, హొసూరు రోడ్డు మీద, హెబ్బగోడి దాటాక ఉండేది. పంపులకు కావలసిన ఇనుప షాఫ్టులు తయారుచేసేవాళ్లం. ఆ ఏడాది చివర్లో నాణ్యతా ప్రమాణపత్రం కోసం బయటి ఆడిటర్లు రావలసి ఉంది. వాళ్లు వచ్చేలోగా గేజ్ రూమును ఒక పద్ధతికి తీసుకురమ్మని వర్క్స్ మేనేజరు నాకు అప్పగించారు. ఆ పనికోసమే ఒక కొత్త పర్సనల్ కంప్యూటరు మంజూరైంది.

గేజ్ అంటే ఏమిటో కొంత చెప్పాలి. మిషను మీద తయారయ్యే ప్రతి షాఫ్టునూ మైక్రోమీటరుతో కొలిచే తీరిక ఆపరేటరుకు ఉండదు. గుర్రపు లాడంలా ఉండే స్నాప్ గేజును షాఫ్టు మీద పెట్టి చూస్తాడు. దానికి రెండు సందులుంటాయి. మొదటి సందులో షాఫ్టు దూరాలి, రెండో సందులో దూరకూడదు. అలా ఉంటే మందం సరిగ్గా ఉన్నట్టు. వాడే కొద్దీ గేజు కూడా అరుగుతుంది. అందుకే ఇన్ని నెలలకోసారి అని దాన్ని వెనక్కి తెప్పించి, ప్రామాణికమైన దిమ్మెలతో పోల్చి చూస్తారు. దీన్నే కాలిబ్రేషన్ అంటారు. మా దగ్గర ఆరు వందలకు పైగా గేజులుండేవి. ఏది ఏ రోజు వెనక్కి రావాలో చూడడమే గేజ్ రూము పని.

ఆ పనిని పద్దెనిమిదేళ్లుగా చేస్తున్నవాడు మునియప్ప. తాతల కాలంలోనే బెంగళూరు చేరిన తెలుగు కుటుంబం. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, మాట మధ్యలో రెండూ. ప్రతి గేజుకూ ఒక కార్డు, ప్రతి కార్డు మూలకూ గడువు నెలను బట్టి ఒక రంగు దారం. ఉదయం వాటిని తిరగేసి, ఆనాటి జాబితా రాసుకుని, షాపులో, అంటే మిషన్లు నడిచే హాలులో, మిషను మిషను దగ్గరికీ తిరిగి గేజులు పోగుచేసుకొచ్చేవాడు. భోజనం వేళకు గానీ ఆ తిరుగుడు పూర్తయ్యేది కాదు.

నాకప్పుడు నలభై నాలుగేళ్లు. సాయంత్రం క్లాసులకు వెళ్లి డాస్, ఫాక్స్‌ప్రో నేర్చుకుని ఉన్నాను. కంప్యూటరు జులైలో వచ్చింది. రంగుల మానిటరు, డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరు, కరెంటు పోతే పావుగంట ఆదుకునే యూపీఎస్. కార్డులన్నీ ఎక్కించడానికి ఐదు వారాలు పట్టింది. తర్వాత ఒక చిన్న బ్యాచ్ ఫైలు రాశాను. బ్యాచ్ ఫైలంటే, రోజూ మనం ఒకటొకటిగా టైపు చేసే ఆదేశాలను వరుసగా రాసి పెట్టుకున్న చీటీ. యంత్రం వాటిని తనంతట తనే అమలు చేసుకుంటూ పోతుంది. ఉదయం స్విచ్ వేస్తే చాలు. తేదీ చూసుకుని, గడువుకొచ్చిన గేజులను ఏరి, జాబితా ముద్రించి, ఒక్కో మిషనుకు ఒక్కో చీటీ తీసి, చివర్లో అంతా ఫ్లాపీలోకి నకలు చేసి పెట్టేది. ఆగస్టు చివరి సోమవారం కింద నా డైరీలో ఇలా ఉంది: "జాబితా, చీటీలు కలిపి ఆరు నిమిషాలు. తప్పులు లేవు."

దుమ్ము తగలకూడదని సరఫరా చేసినవాళ్లు చెప్పడంతో గదికి ఏసీ పెట్టించి, పాదరక్షలు బయటే విడవాలని గుమ్మం దగ్గర బోర్డు తగిలించాను. మొదటిరోజు మునియప్ప ఆ బోర్డు ముందు నిలబడి, "కొబ్బరికాయ కూడా తేవాల్నా సార్?" అని అడిగాడు. షాపు వైపు నుంచి నవ్వులు వినిపించాయి. నేనూ నవ్వాను.

గేజ్ రూము కిటికీలో ఒక వెదురు బుట్ట ఉండేది. అది ఎందుకో మొదట నాకు తెలియలేదు. ఎవరి చేతిలోంచి అయినా గేజు జారి కింద పడితే, ఆ మనిషి దాన్ని తెచ్చి బుట్టలో వేసి, పక్కన వేలాడే గేజుల్లో అదే కొలతది తీసుకుపోయేవాడు. మునియప్ప ఎవరు, ఎప్పుడు, ఎలా అని అడిగేవాడు కాడు. బుట్టలో ఉన్నదాన్ని పోల్చి చూసి, బాగుంటే వెనక్కి పెట్టేవాడు, చెడితే మరమ్మతుకు పంపేవాడు. పుస్తకంలో "అరుగుదల" అని రాసేవాడు. ఇది ఏ నిబంధనలోనూ లేదు.

నాణ్యతా ప్రమాణాల ప్రకారం ప్రతి లోపానికీ మూలం తెలియాలి. బుట్ట తీసేయాలన్నాను. దాని బదులు కంప్యూటరులో ఒక తెర తయారుచేశాను. గేజు నంబరు, పడిన సమయం, కారణం, ఆపరేటరు టోకెన్ నంబరు, అంటే ఫ్యాక్టరీలో అతని గుర్తింపు సంఖ్య. ఈ నాలుగూ నింపితే గానీ ముందుకు కదలదు. ఆ కదలకపోవడం నాకు చాలా నచ్చింది. యంత్రం మొహమాటపడదు కదా అనుకున్నాను.

మునియప్ప మాత్రం ఒప్పుకోలేదు.

"మిగతాదంతా మీ ఇష్టం సార్. బుట్ట ఒగటి ఉండనీండి."

"దాంట్లో వేసింది ఎవరో తెలియకపోతే ఎట్లా మునియప్పా?"

"తెల్వదు గాబట్టే ఏస్తారు సార్. తెలిస్తే ఎవురేస్తారు? సుమ్నే, ఊరికే మూలన ఉండాది, మీకేమి అడ్డము?"

ఆడిటర్లకు ఏమని చెప్పాలని అడిగాను. పూలబుట్ట అని చెప్పండి అన్నాడు. సెప్టెంబరు ఒకటి నుంచి అతన్ని డిస్పాచ్ విభాగానికి మార్చారు. జీతం తగ్గలేదు. బుట్టను ఎవరు తీసుకెళ్లారో నేను గమనించలేదు.

షాఫ్టులను సానపట్టే గ్రైండింగ్ సెక్షనులో ఓబులేసు అనే ఆపరేటరు ఉండేవాడు. కదిరి వైపు మనిషి, ఇరవై ఆరేళ్లు. హెబ్బగోడిలో ఒకే గది అద్దెకు తీసుకుని భార్యతో, పాపతో ఉండేవాడు. రెండేళ్లుగా తాత్కాలిక ఉద్యోగి. డిసెంబరులో కన్ఫర్మేషన్ రావాలి. ఆ రోజుల్లో కన్ఫర్మేషన్ అంటే పీఎఫ్, ఈఎస్ఐ వైద్యం, మళ్లీ ఎవరూ సులువుగా తీసేయలేని ఉద్యోగం. తాత్కాలిక ఉద్యోగి ఫైలులో ఒక్క మెమో ఉన్నా అది ఆగిపోతుంది. షాపులో అందరికీ ఈ సంగతి తెలుసు. నాకూ తెలుసు.

అక్టోబరు రెండో వారంలో ఒకరోజు టీ విరామంలో ఓబులేసు కంప్యూటరు గది గుమ్మం దగ్గరకు వచ్చాడు. కుడిచెయ్యి ఏప్రాన్ జేబులో ఉంది. నేను తెర మీద ఏదో సరిచేస్తున్నాను.

"ఏమప్పా?" అన్నాను.

"ఏం లేదు సార్. గేజు ఒగటి…" అని ఆగి, "దీంట్లో పేరు రాయకుండా కుదర్దా సార్?" అని అడిగాడు.

పేరు కాదు, టోకెన్ నంబరు అన్నాను. అది లేకుండా ప్రోగ్రాము తీసుకోదని చెప్పి, బూట్లు విప్పి లోపలికి రమ్మన్నాను. అతను కిందికి చూసుకున్నాడు. బూట్లకు నూనె మడ్డి అంటి ఉంది.

"ఉండనీండి సార్. మళ్ల వస్తా" అని వెళ్లిపోయాడు.

మళ్లీ రాలేదు. అతని జేబులో ఏముందో నేను అడగలేదు. ప్రోగ్రాము ఎంత కచ్చితంగా ఉందో అతనికి చెప్పానన్న తృప్తి మాత్రం మిగిలింది.

మూడు వారాల తర్వాత కొనుగోలుదారు నుంచి ఒక లాటు షాఫ్టులు వెనక్కి వచ్చాయి. అన్నీ ఉండవలసినదానికంటే తలవెంట్రుకలో సగమంత మందం ఎక్కువున్నాయి. బేరింగుల్లోకి దూరడం లేదు. గ్రైండింగ్‌లో వాడిన స్నాప్ గేజును తెప్పించి చూశాను. మొదటి సందు విచ్చుకుని ఉంది. దిగువ దవడ మీద సొట్ట. కాంక్రీటు నేల మీద పడినప్పుడు అయ్యే సొట్ట అది. నా జాబితా ప్రకారం దాని గడువు జనవరి. అందుకే యంత్రం దాని గురించి ఒక్క చీటీ కూడా తీయలేదు.

అడగ్గానే ఓబులేసు ఒప్పుకున్నాడు. పడింది తన చేతిలోంచేనన్నాడు. చూస్తే బాగానే ఉన్నట్టు కనిపించిందన్నాడు.

విచారణకు వర్క్స్ మేనేజరు, పర్సనల్ ఆఫీసరు, నేను కూర్చున్నాం. గేజు పడడం నేరం కాదు, పడినట్టు చెప్పకపోవడం నేరం, అన్నది అభియోగం. చెప్పడానికి ఏర్పాటు ఉందా అని పర్సనల్ ఆఫీసరు నన్ను అడిగారు. ఉందన్నాను. తెర ప్రింటవుట్ చూపించాను. ఈ గేజు గురించి ఏదైనా నమోదైందా అని అడిగారు. కాలేదన్నాను. రెండూ నిజమే. ఓబులేసు బల్లకు అవతల నిలబడి నా వైపు చూశాడు. నేను గుమ్మం దగ్గరి సంభాషణ చెబుతానని ఎదురుచూశాడనుకుంటాను. తనంతట తను ఎందుకు చెప్పలేదో నాకు తెలియదు. బహుశా నా ముందే నా మీద చెప్పినట్టవుతుందని కావచ్చు. కాగితాలు చక్కబెడుతున్నట్టు నేను తల దించుకున్నాను. ఆడిటుకు పదిహేను రోజులే ఉన్నాయి. తెరలో లోపముందని నేనే చెబితే అది రికార్డుకెక్కుతుంది.

డిసెంబరులో అతనికి కన్ఫర్మేషన్ ఇవ్వలేదు. తాత్కాలిక గడువు ముగిసిందని రెండు వాక్యాల ఉత్తరం ఇచ్చారు. ప్రమాణపత్రం మాకు వచ్చింది. గేజ్ రూము కంప్యూటరీకరణను ఆడిటర్లు ప్రత్యేకంగా మెచ్చుకున్నారు.

ఆ వారంలో క్యాంటీన్ వరుసలో మునియప్ప నా వెనక నిలబడ్డాడు.

"ఓబులేసు గది కాళీ చేసేసె సార్" అన్నాడు.

ఎక్కడికి వెళ్లాడని అడిగాను.

"యాడికి పోతాడు? హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్ కాడ ఇండ్లు కడతా ఉండారు గదా, ఆడ ఎవురో మేస్త్రీ పిల్చినాడంట." పళ్లెం తీసుకుంటూ అన్నాడు, "మీ మిషనుకు నంబరు కావల్సొచ్చె. వానికి పని కావల్సొచ్చె. మీ మిషనే గెల్చె. బిడండి సార్, పోనీండి, సాంబారు చల్లారిపోతాది."

జనవరిలో నేను ప్రోగ్రాము మార్చాను. టోకెన్ నంబరు గడిని ఐచ్ఛికం చేశాను. గది బయట షెల్ఫులో ఒక అట్టపెట్టె పెట్టించి, పడిన గేజులు అందులో వేయవచ్చని ఒక కాగితం అంటించాను. మొదటి వారంలో నాలుగు గేజులు వచ్చాయి. అందులో రెండు చెడిపోయినవే. అంటే బుట్ట పోయాక ఎప్పుడో కింద పడి, అవి అలాగే మిషన్ల దగ్గర నడుస్తున్నాయి. చెడిన గేజు ఒక్క ఓబులేసుది కాదు; కొనుగోలుదారు పట్టుకున్నది మాత్రం అతనిదే.

అప్పుడైనా వర్క్స్ మేనేజరుకు ఒక అనుబంధ నివేదిక రాయవచ్చు. రాశాను కూడా. గడువు ముగిసిందని తీసేసిన తాత్కాలిక ఉద్యోగులను మళ్లీ తీసుకున్న సందర్భాలు మా ఫ్యాక్టరీలో ఉన్నాయి. ఆ కాగితాన్ని రెండుసార్లు సరిచేసి, తేదీ వేసి, సంతకం చేయకుండా డ్రాయరులో పెట్టాను. మార్చిలో నాకు మేనేజరుగా ప్రమోషన్ వచ్చింది. గది మారినప్పుడు డ్రాయరు ఖాళీ చేశాను. హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌కు మా కంపెనీ బస్సు రోజూ దగ్గరి నుంచే వెళ్లేది. ఒక్కసారి కూడా దిగి వెతకలేదు.

2009లో రిటైరయ్యేలోగా ఎన్నో పనులను కంప్యూటరుకు ఎక్కించాను: హాజరు, స్టోర్సు, డిస్పాచ్, చివరికి క్యాంటీన్ టోకెన్లు. ప్రతిసారీ ప్రోగ్రాము రాసే ముందు, ఆ పని చేస్తున్న మనిషి పక్కన వారంపాటు కుర్చీ వేసుకుని కూర్చున్నాను. అతని డ్యూటీ లిస్టు చదవలేదు. ఎవరెవరు అతని దగ్గరికి వస్తున్నారో, ఏం చెప్పకుండా వెళ్లగలుగుతున్నారో చూశాను. ఈ పద్ధతి వల్ల కొన్ని పొరపాట్లు తప్పాయి. ఇది నేను ఆ ఏడాది నేర్చుకున్నది.

విచారణలో అడిగినంతవరకే జవాబు చెప్పి ఊరుకోవడం నిజం చెప్పడం కాదు. దాన్ని నేర్చుకోవడానికి నాకు ఆ ఏడాది అవసరం లేదు. బల్ల ముందు కూర్చున్నప్పుడే నాకది తెలుసు.