ఉడుత సంతకం

ఈ రోజు మా ఆవిడ సంవత్సరీకం. దేశం కాని దేశంలో, ట్రాయ్ అనే ఊళ్ళో మా ఇంటి వెనక పిండం పెట్టి కాకి కోసం చూస్తున్నాను. పక్కింటి డంకన్ కంచె దగ్గరికి వచ్చాడు. స్కాట్లండ్ ప్రభుత్వ రికార్డుల మైక్రోఫిల్మ్ తిప్పి తిప్పి ముత్తవ్వ పేరు పట్టుకున్నాడట. అక్కడ ప్రతి చావుకీ రిజిస్ట్రార్ సంతకం ఉంటుందట.

"మీ వంశం సంగతేంటి, రావ్?"

మూడు తరాల పేర్లు గోత్రంతో సహా గడగడా చెప్పాను.

"రికార్డులేవి?"

"నోటికి వచ్చు."

"మరి సంతకం పెట్టేదెవరు?"

"కాకి."

డంకన్ నవ్వలేదు. నాతోపాటు నిలబడి చెట్లకేసి చూశాడు. కాకి రాలేదు. ఉడుత వచ్చి తినేసింది.

"పని అయిపోయినట్టేగా?" అన్నాడు.

వంకాయ మొక్కలు కొరుకుతోందని మా ఆవిడ రోజూ చీపురుతో తరిమిన ఉడుతే అది. దాని సంతకం చెల్లుతుందా? తెలిసినవాళ్ళు చెప్పండి.