గంగామణి పెద్దమ్మ రెండు జంపఖానాలు

మొన్న పొద్దున కూరగాయలు తీసుకుని వస్తుంటే, మా కాలనీ మొదట్లోని టెంట్‌హౌస్ ముందు పనివాళ్ళు జంపఖానాలు దులుపుతున్నారు. ఆ దుమ్ము నేరుగా వచ్చి నా ముక్కుకు తగిలింది. పాత ఊదుబత్తి, ఒలికిన చాయ్, ఏదో పెళ్ళిలో ఎవరో తొక్కిన పులిహోర, వానకు తడిసి సరిగా ఎండని గుడ్డ, అన్నీ కలిసిన వాసన. రోడ్డు మీదే రెండు తుమ్ములు తుమ్మాను. గంగామణి పెద్దమ్మ బతికి ఉంటే లోపలి నుంచే కేకేసేది: "రెండు తుమ్మినవ్ బిడ్డా, మంచిదే. వచ్చి కూసో!" ఎవరూ పిలవలేదు. పనివాడొకడు "జెర పక్కకు జరుగక్కా" అన్నాడు. కళ్ళల్లో నీళ్ళు వచ్చాయి. దుమ్మువల్లే అనుకున్నాడు అతను, నేనూ అదే అనుకోమన్నట్టు ముక్కు తుడుచుకున్నాను.

ఆ టెంట్‌హౌస్ ఆమెదే. భర్త పోయాక ఒక్కతే నడిపింది. బాన్సువాడలో ఏడాది పొడుగునా ఎక్కడో ఒకచోట ఆమె శామియానా లేచి ఉండేది. "పుట్టుడు, సచ్చుడు, ఓట్లడుగుడు, అన్నీ నా గుడ్డ కిందనే" అని నవ్వేది. ఊరందరికీ మైకులు కిరాయికి ఇచ్చిందే కానీ తను ఏనాడూ మైకు పట్టుకోలేదు. ఆ గొంతుకు అవసరం రాలేదు. నేను జుక్కల్ దిక్కు పల్లె నుంచి ఈ కాలనీకి కొత్త కోడలిగా వచ్చాను. మా ఇంట్లో ఏ కూర వండాలో, టీవీలో ఏం చూడాలో, పండక్కి నేను ఏ చీర కట్టాలో అన్నీ మా అత్తమ్మే చెప్పేది. అత్తమ్మ చెడ్డదేం కాదు. ఇంకొకరిని అడగాలన్న ఆలోచన ఆమెకు రాదు, అంతే. నాకూ ఎవరైనా అడుగుతారన్న ఆశ లేదు కాబట్టి ఇల్లు ప్రశాంతంగానే ఉండేది.

ఆ ఏడు వినాయక చవితికి ముందు మా కాలనీ ఉత్సవ కమిటీ పెద్దమ్మ దగ్గరికి వెళ్ళింది. నేను అప్పుడు అక్కడ చాటలు అడగడానికి వెళ్ళి ఉన్నాను. కమిటీ అధ్యక్షుడు సుధాకర్ అన్న ముందు నిలబడ్డాడు, తతిమ్మా నలుగురు వెనుక.

"పెద్దమ్మా, నిమజ్జనం ముందురోజు రాత్రికి పెద్ద శామియానా కావాలె. ఆర్కెస్ట్రా పెడ్తున్నం."

"ఎవలనుకున్నరు?"

"కమిటీ అనుకున్నది."

"కమిటీ అంటె ఎవలు?"

సుధాకర్ అన్న వెనక్కి తిరిగి చూశాడు, కమిటీ అంటే ఇంకెవరైనా ఉన్నారేమోనని. ఎవరూ లేరు. "మేమే" అన్నాడు.

"చందా ఇంటింటికీ తిరిగి తీస్తిరి గద. ఇష్టం మాత్రం మీ అయిదుగురిదేనా? అందరిని అడుగుండ్రి. అప్పటిదాక శామియానా కాదు, గుంజ గూడ లేవది పో."

ఇక్కడ ఒక నిజం చెప్పాలి. పెద్దమ్మ ఏమీ ధర్మదేవత కాదు. ఆమెకు బాగోతం కావాలి. వేషాలు కట్టి, తాళం వేసి, పాడుతూ ఆడుతూ కథ చెప్పే మేళం ఒకటి ఆమె చిన్నప్పుడు వాళ్ళ ఊరికి వచ్చేదట. ఆ మేళం వాళ్ళ కొడుకులు, మనవలు ఇప్పటికీ ఆడుతున్నారని తెలిసి, కాలనీలో వాళ్ళ ఆట పెట్టించాలని ఆమె కోరిక. అందరినీ అడిగితే అందరూ బాగోతమే అంటారని ఆమె ధీమా. తన ఇష్టమూ లోకం ఇష్టమూ ఒకటేనని నమ్మేవాళ్ళే లోకాన్ని అడగమని గట్టిగా పట్టుబడతారేమో, నాకు తెలియదు.

అడిగే పద్ధతి కూడా ఆమే చెప్పింది. వాటర్ ట్యాంకు పక్కన ఖాళీ జాగాలో రెండు జంపఖానాలు పరిచింది. ఎర్రది బాగోతానికి, నీలంది ఆర్కెస్ట్రాకు. "చేతులెత్తుడు వద్దు. చెయ్యైతే ఊరికెనే లేస్తది. లేసి, నడిచి, పొయ్యి కూసోవాలంటే మనసుండాలె" అంది. మా పక్కింట్లో అద్దెకుండే తండా ఆయన గోపాల్, ఆటో నడుపుతాడు, దూరంగా నిలబడి మొహమాటంగా అడిగాడు: "పెద్దమ్మా, మేం కిరాయికుండేటోళ్ళం. మేం గూడ కూసోవాల్నా?" పెద్దమ్మ అతన్ని ఎగాదిగా చూసింది. "ఇల్లు కిరాయిదైతే చెవులు గూడ కిరాయియేనా? ఆ పాటలు రాత్రంత నీ చెవుల పడ్తయా లేదా? కూసో!" గోపాల్ భార్యాపిల్లలతో సహా వచ్చి కూర్చున్నాడు.

అందరూ ఎర్ర జంపఖానా మీదే కూర్చున్నారు. ఒకరి మోకాలు ఒకరికి తగిలేంతగా ఇరుక్కుని మరీ కూర్చున్నారు. నీలం జంపఖానా మీద ఒక్క పురుగు లేదు. సుధాకర్ అన్న కూడా ఎర్రదాని మీదే బాసింపట్టు వేసుకుని, కాసేపటికి తనెక్కడున్నాడో గుర్తొచ్చి ఉలిక్కిపడి లేచాడు. పెద్దమ్మ ముఖం వెలిగిపోయింది. ఎర్ర జంపఖానా చుట్టూ ఒకసారి తిరిగింది. తర్వాత ఎందుకో ఆగి, చెప్పులు విడిచి, నీలం జంపఖానా మీద అడుగుపెట్టింది. "అబ్బ!" అని ఎగిరి ఇవతలికి దూకింది. మధ్యాహ్నపు ఎండకు అది పెనంలా కాలుతోంది. ట్యాంకు నీడ మొత్తం ఎర్రదాని మీదే పడుతోంది.

"చెల్లది. లేవుండ్రి" అంది.

నీడలో హాయిగా కునుకు తీస్తున్న ఒక పెద్దాయనకు కోపం వచ్చింది. "గెలిచినవ్ గదనే గంగామణీ, ఇగ కూసోనీ!"

"నేనేడ గెలిచిన? ట్యాంకి గెలిచింది" అంది పెద్దమ్మ, జంపఖానా కొస పట్టుకుని మనుషులున్నా సరే చుట్టడం మొదలుపెడుతూ.

చేతికొచ్చిన గెలుపును అలా చుట్టి చంకలో పెట్టుకుపోయిన మనిషిని నేను అంతకుముందు చూడలేదు. మా అత్తమ్మ ఇంటికొచ్చి "దానికి పిచ్చి" అని తేల్చేసింది. నాకు మాత్రం రాత్రి అన్నం తింటుంటే కూడా అదే కళ్ళముందు ఆడింది.

మరునాడు పొద్దు గూకినాక మళ్ళీ పరిచింది. ఈసారి నీడ గొడవ లేదు, ఇంకో గొడవ వచ్చింది. ఇంటి పెద్ద ఎటు కూర్చుంటే ఇల్లంతా అటే కూర్చుంటోంది. మా అత్తమ్మ బాగోతం మనిషి. ఎర్రదాని మీద కూర్చుని, నా కొంగు పట్టుకుని నన్నూ పక్కన కూలేసింది. మా ఆయన ఎవరితోనూ గొడవ ఇష్టం లేనివాడు కాబట్టి రెండు జంపఖానాల మధ్య మట్టిలో కూర్చున్నాడు. పెద్దమ్మ అందరినీ చూసుకుంటూ వచ్చి మా ముందు ఆగింది.

"నీకేంది కావాలె బిడ్డా?" అని నన్ను అడిగింది.

నాకు ఆర్కెస్ట్రా కావాలి. సినిమా పాటలంటే నాకు ప్రాణం. పెళ్ళయ్యాక గట్టిగా ఒక పాట విన్నదీ లేదు. కానీ నేను అత్తమ్మ వైపు చూశాను. మా అత్తమ్మే జవాబిచ్చింది: "దానికేంది, మేమెట్లంటే గట్లనే."

"నిన్నడగలే, కోడల్ని అడుగుతున్న. ముందు కొంగు ఇడువు. ఇద్దరూ రెండు దిక్కుల కూసున్నంత మాత్రాన రేపు పొయ్యిలు వేరు పడయి. బిడ్డా, నీ మనసు ఏడుంటే ఆడ కూసో."

అత్తమ్మ కొంగు వదిలింది. వదిలి నన్ను చూసిన చూపు నేను ఇప్పటికీ మరిచిపోలేదు. లేచి, మట్టిలో కూర్చున్న మా ఆయనను దాటి, నీలం జంపఖానా మీద కూర్చున్నాను. నా వెనుక ఒకరి తర్వాత ఒకరు కాలనీ కోడళ్ళందరూ లేచి వచ్చారు. గోపాల్ భార్య కూడా వచ్చింది. చూస్తుండగానే నీలంది నిండిపోయింది. ఎర్రదాని మీద మా అత్తమ్మ, ఆ కునుకు పెద్దాయన, ఇంకొందరు ముసలివాళ్ళు, వాళ్ళ పక్కన వచ్చి కూర్చున్న పెద్దమ్మ మిగిలారు. ఆమె కూర్చున్నచోటు నుంచే అందరికీ వినపడేలా "ఆర్కెస్ట్రా!" అని చెప్పింది. గొంతు ఎప్పటిలాగే ఉంది.

నాకు రాత్రి నిద్ర పట్టలేదు. పొద్దున్నే టెంట్‌హౌస్‌కు పరుగెత్తాను. "తప్పైంది పెద్దమ్మా. నీ మొహం చూసి అటే కూసుంటే అయిపోతుండె."

"నా మొహం చూసి కూసుంటే అది నీ కూసునుడు ఎట్లైతది?" అని తాళ్ళు చుడుతూ కసిరింది. చుట్టూ ఎవరూ లేరని చూసుకుని చెప్పింది. చిన్నప్పుడు ఆ మేళం ఆడిన ఆట ఒకటి చూసిందట. రాజ్యం పోగొట్టుకుని అడవులు పట్టిన ఒక రాజు కథ. రాత్రంతా కళ్ళు చించుకుని చూసిందట. "తెల్లారంగ జెర కన్నంటింది బిడ్డా. లేసి చూద్దును గద, రాజు బోరింగు కాడ మొహం కడుక్కుంటుండు. రాజ్యం వచ్చిందో లేదో ఇగ తెల్వలే."

నవ్వకూడదనుకున్నాను కానీ నవ్వేశాను. ఆమె కూడా నవ్వింది. "మేళం వాళ్ళనడిగితే చెప్తరు గదా?" అన్నాను. "అడిగి తెలుసుకునేదానికి బాగోతమెందుకు?" అంది. "పోనీ శామియానా నీదే, మైకు నీదే, నువ్వే పిలిచి ఆడించుకోరాదు?" అన్నాను. తాడు ముడి బిగించి, "ఒక్కదాన్ని కూసోని చూస్తే అది టీవీ అయితది" అంది.

ఆ సాయంత్రం కమిటీ మళ్ళీ కూర్చుంటే, ఎవరూ పిలవకుండానే వెళ్ళాను. జీవితంలో మొదటిసారి పదిమందిలో నోరు తెరిచాను. "ఓడినోళ్ళు గూడ కాలనీ వాళ్ళే గదా అన్నా. ఆర్కెస్ట్రాకు ముందు ఒక్క అరగంట బాగోతానికియ్యరాదు?" మాట సగంలోనే గొంతు కీచుమంది. సుధాకర్ అన్న ఆలోచించాడు. శామియానా ఇంకా లేవలేదన్న సంగతి కూడా ఆలోచించి ఉంటాడు. "అరగంటంటే అరగంటే" అన్నాడు.

బాగోతంలో అరగంట అంటే ఏమిటో మాకెవరికీ తెలియదు. ప్రార్థన అయింది. ఇద్దరు తెర పట్టుకున్నారు. తెర వెనుక గజ్జెలు మోగాయి, కిరీటం కనిపించింది, మళ్ళీ దాక్కుంది. ఎట్టకేలకు పెద్దమ్మ చెప్పిన ఆ రాజే బయటికి వచ్చి, తానెవరో, తన తండ్రి ఎవరో, తాత ఎవరో చెప్పి, ముత్తాత దగ్గరికి వచ్చేసరికి సుధాకర్ అన్న ఫోనులో అలారం మోగింది. రాజు నోరు తెరుచుకుని అలాగే నిలబడిపోయాడు. పెద్దమ్మ కుర్చీలోంచి లేచి, "ఏం ఫికర్ లేదు రాజా! వచ్చే ఏడు మళ్ళ రా!" అని అరిచింది. తర్వాత ఆర్కెస్ట్రాకు ముందు వరుసలో కూర్చుని, ప్రతి పాటకూ "గిదేం పాట" అని తిడుతూ చివరి దాకా చూసింది.

మరుసటి ఏడు రాజు మళ్ళీ వచ్చాడు. ఆ తర్వాతి ఏడు రాజ్యం పోయింది. ప్రతి ఏడూ రెండు జంపఖానాలు పరిచేవాళ్ళం, ప్రతి ఏడూ ఆర్కెస్ట్రాయే గెలిచేది, ఓడినవాళ్ళ అరగంట మాత్రం నిలిచింది. నేను ఏటా నీలందాని మీదే కూర్చున్నాను. ఆమె ఏటా నాకు అటునుంచి చెయ్యి ఊపేది. ఆర్కెస్ట్రా కోసం వచ్చే పిల్లలకు రాజు మీద యావ పట్టుకుంది. ఫోనుల్లో వెతికారు. అది ఆ మేళం వాళ్ళ సొంత కథ, ఎక్కడా దొరకలేదు. "పెద్దమ్మా, రాజ్యం వస్తదా రాదా? జెర చెప్పవా?" అని వెంటపడేవాళ్ళు. ఆమె అన్నీ తెలిసినదానిలా కళ్ళు మూసుకుని, "కూసుంటే తెలుస్తది" అనేది. నేను పక్కనుంటే నావైపు చూసేది కాదు.

పోయిన చలికాలం ఆమె పోయింది. టెంట్‌హౌస్ ఆ రోజు మూసి ఉంది కాబట్టి వేరే దుకాణం నుంచి శామియానా తెచ్చి వేశారు. ఒక మూల గుంజ వంకరగా ఉంది. అది చూసి ఇప్పుడు లేచి తిడుతుందని అందరం ఒక్క క్షణం ఆగాం. మా అత్తమ్మ అందరికంటే గట్టిగా ఏడ్చింది.

ఈ ఏడు కథలో ఆఖరి భాగం. అరగంటలో యుద్ధమూ పట్టాభిషేకమూ కుదరవని, ఇస్తే రాత్రంతా ఇవ్వమని మేళం పెద్ద చెప్పాడు. అంటే ఆర్కెస్ట్రా ఉండదు. మొన్న దులిపిన జంపఖానాలు అందుకే. పరిచే పని నాకు పడింది. ముందుగా నీడ చూశాను. రెండింటి మీదా చెప్పులు విడిచి నిలబడి చూశాను. "పెద్దమ్మ కోసం అని ఎవరూ కూసోకండ్రి. మీకు ఇష్టమైతేనే కూసోండ్రి" అని చెప్పాను. గొంతు కీచుమనలేదు. నేనిప్పుడు స్కూల్లో పాఠాలు చెప్తాను, వార్షికోత్సవంలో ఏం ఆడాలో పిల్లలనే అడుగుతాను. ఎవరైనా చెయ్యెత్తితే నాకు నమ్మకం కుదరదు, లేచి నడవమంటాను. మా ఇంట్లో కూర సంగతి కూడా ఇప్పుడు అందరినీ అడిగే తేలుస్తాం. దానివల్ల వంట ఆలస్యమవుతుందని మా ఆయన గొణుగుతాడు.

పిల్లలు ముందు కూర్చున్నారు. ఎర్రదాని మీద. గోపాల్ కూర్చున్నాడు. సుధాకర్ అన్న ఈసారి తెలిసే కూర్చున్నాడు. నేను నిలబడే ఉన్నాను. నాకు ఇప్పటికీ పాటలంటేనే ప్రాణం, అబద్ధమెందుకు. నా మనసు ఎక్కడుందా అని కాసేపు వెతుక్కున్నాను. అది బోరింగు దగ్గర మొహం కడుక్కుంటున్న ఒక రాజును చూస్తూ నిలబడ్డ చిన్నపిల్ల దగ్గర ఉంది. వెళ్ళి ఎర్ర జంపఖానా మీద కూర్చున్నాను. అక్కడ మా అత్తమ్మ ఉంది. జరిగి చోటిచ్చింది. "ఇన్నేండ్లకు వచ్చినవా" అంది.

ఈసారి ఎర్రదే గెలిచింది, రేపు రాత్రే ఆట. రాజుకు రాజ్యం వస్తుందో రాదో నాకూ తెలియదు. నా భయమల్లా ఒకటే, తెల్లవారుజామున కన్నంటుకుంటుందేమోనని. ఆనాడు పెద్దమ్మను లేపడానికి పక్కన ఎవరూ లేకపోయారు. అందుకే అత్తమ్మకు ముందే చెప్పి పెట్టాను: "నిద్ర వస్తే నన్ను గిల్లు అత్తమ్మా, మొహమాటపడకు."

"గా ఫికర్ నీకెందుకు" అంది అత్తమ్మ. పొద్దుటి నుంచి గోళ్ళు చూసుకుంటోంది.