పేరెత్తకుండా చెప్పిన పాఠం

ఆ రోజుల్లో బందరులో లెక్కల మేష్టార్లకున్న పౌరుషం పహిల్వాన్లకు కూడా ఉండేది కాదు. లోకమంతా పొలం గట్టు దగ్గర తగువులాడుకుంటే మావాళ్లు మాట దగ్గర తగువులాడుకునేవారు. అరవైల్లో ఎమ్మే గట్టెక్కించి, నాగాయలంక దగ్గరి మా ఊరినుంచి రేకుపెట్టెతో దిగి, అక్కడొక కాలేజీలో టెంపరరీ ట్యూటరుగా చేరాను. (టెంపరరీ అంటే వేసవి సెలవుల తర్వాత ఉంటామో ఊడతామో దేవుడికీ ప్రిన్సిపాలుగారికీ మాత్రమే తెలుసునని అర్థం.) మా నాన్నగారు మిషను బడి పంతులు. "ఎట్టాగైనా పర్మనెంటు చేయించుకోరా అబ్బాయ్. తమ్ముళ్ల చదువులన్నీ నీమీదే ఉన్నాయి" అని చెప్పి మరీ బస్సెక్కించారు.

మా డిపార్టుమెంటులో పెద్దలు ఇద్దరు. వాళ్ల మధ్య వైరానికి కారణం ఆస్తి కాదు, కులం కాదు, ఒక గుడ్డు. కోడిగుడ్డు, బంతి, నడుం సన్నగా ఉండే పేము స్టూలు, ఇలాంటి ఆకారాల పైతలాన్ని లెక్కలవాళ్లు ఒక సమీకరణంలో బిగిస్తారు. (అసలు గుడ్డు కాస్త వంకరే, లెక్కల గుడ్డు బహు చక్కన.) ఆ సమీకరణంలో ఏదీ రెండో ఘాతం దాటదు కాబట్టి దాన్ని క్వాడ్రిక్ అనాలని ఒకాయన. కత్తిపెట్టి ఎటు కోసినా శాంకవమే, అంటే వృత్తమో దాని చుట్టమో, వస్తుంది కాబట్టి కోనికాయిడ్ అనాలని ఇంకొకాయన. వస్తువు ఒకటే. కానీ ఎ సెక్షనులో క్వాడ్రిక్ అని రాసినవాడికి కోనికాయిడ్ మేష్టారు సున్న చుట్టేవారు. బి సెక్షనులో కోనికాయిడ్ అన్నవాణ్ణి క్వాడ్రిక్ మేష్టారు బెంచీ ఎక్కించేవారు. ఇద్దరికీ మాటల్లేక ఏళ్లయింది. ఏ అవసరమొచ్చినా రాయబారం ప్యూనుదే. రెండు సెక్షన్లకూ చెప్పే నేను వరండా దాటేలోపు నాలుక మార్చుకుంటూ, పాము చావకుండా కర్ర విరగకుండా నెట్టుకొచ్చాను.

అలా ఉండగా ప్రిన్సిపాలుగారు పిలిచి, "రేపు రెండు సెక్షన్లూ కలిపి పెద్ద హాల్లో చెప్పవయ్యా. మేం ముగ్గురం వెనకాల కూచుంటాం. నిన్ను ఉంచాలా వద్దా అన్నది అక్కడే తేలుస్తాం" అన్నారు. ఏ పేరన్నా ఒకాయన నన్ను మింగేస్తారు. అప్పుడు మా నాయనమ్మ గుర్తుకొచ్చింది. ఆవిడ మతం మార్చుకుంది గానీ మొగుడి పేరు మాత్రం చచ్చినా ఎత్తేది కాదు. బాప్తిస్మమప్పుడు పాస్టరుగారు భర్త పేరడిగితే, చంకలో పిల్లాణ్ణి చూపించి "ఈడి నాన్నండి" అందట. ఆవిడ పేరెత్తకుండా బతుకంతా నడిపిన సంసారాన్ని నేను ఒక్క గంట నడపలేనా అనుకున్నాను.

మర్నాడు బోర్డు మీద బొమ్మ గీసి మొదలుపెట్టాను. "వీరి కేంద్రం ఇదిగో, ఇక్కడుంటుంది. వీరిని అడ్డంగా కోస్తే దీర్ఘవృత్తం వస్తుంది. నిలువుగా కోసినా వీరు మాట తప్పరు." పిల్లలు ముసిముసిగా నవ్వుతూనే శ్రద్ధగా విన్నారు. ప్రిన్సిపాలుగారైతే తలూపుతున్నారు. ఇంకేం, గంట కొట్టడమే తరువాయి అనుకుంటుండగా గుడివాడ కుర్రాడొకడు లేచాడు. "అంతా అర్థమైందండీ. ఇంతకీ వీరి పేరేంటండీ? పరీక్షలో ఏం రాయమంటారు?"

హాలంతా గొల్లుమంది. వెనక వరసలో ఇద్దరు పెద్దలూ ముందుకు వంగారు. నాకేం పూనిందో ఇప్పటికీ తెలియదు. "నీ ఇష్టమొచ్చింది రాయవోయ్. ఏ పేరుతో పిలిచినా సమీకరణం మారదు కదా" అనేశాను.

కోనికాయిడ్ మేష్టారు పక్కకి తిరిగి, "విన్నారాండీ?" అన్నారు. "విన్నానండీ. పేరంటే లెక్కే లేదండీ ఈ కాలం వాళ్లకి!" అన్నారు క్వాడ్రిక్ మేష్టారు. ఇద్దరూ కలిసి లేచారు, కలిసి బయటికి నడిచారు, కలిసి కాఫీ హోటలుకి వెళ్లారు. కాలేజీ అంతా వరండాలోకొచ్చి ఆ వింత చూసింది.

సాయంత్రం ప్రిన్సిపాలుగారు నన్ను కూచోబెట్టి, "ఇన్నేళ్లూ నావల్ల కానిది గంటలో చేశావయ్యా. ఆ ఇద్దరూ ఒక మాట మీద నిలబడటం నేను ఇదే చూడ్డం" అన్నారు ఆనందంగా. ఆ మాటేమిటో కూడా ఆయనే చెప్పారు. వేసవి తర్వాత నేను రానక్కర్లేదట.

ఇంటికెళ్లి చెబితే నాన్నగారు "నువ్వన్న మాటలో తప్పేం లేదులేరా" అన్నారు. ఆ మాటకి నాకు ఏడుపొచ్చింది. మరుసటి ఏడు గుడివాడలో ఇంకో ఉద్యోగం దొరికింది. చేరిన రోజున హెడ్డుగారికి నమస్కారం పెట్టి నేనడిగిన మొట్టమొదటి ప్రశ్న, "ఇక్కడ ఏ పేరు వాడతారండీ?" ఆయన చెప్పిందే రిటైరయ్యేదాకా వాడాను. ఉద్యోగం నిలిచింది, తమ్ముళ్లు చదువుకున్నారు, నాకే లోటూ రాలేదు. అయినా అప్పుడప్పుడు ఆ హాల్లో సుద్దముక్క పట్టుకు నిలబడ్డ కుర్ర ట్యూటరు గుర్తొచ్చి నాలో నేనే నవ్వుకుంటాను. వాడంటే నాకు భలే ఇష్టం. బందరులో బస్సెక్కాక వాడు మళ్లీ కనబడలేదు.