అక్షరాల చుట్టూ నీళ్లు

అట్ట మీది పేరు ఫోన్‌లో గోరంత బొమ్మలో కూడా చదవడానికి రావాలట. రాకపోతే పుస్తకం కదలదట. ఈ సంగతి నాకు చెప్పిన ప్రచురణకర్త మర్యాదస్తుడే. టీ ఇప్పించి, ఫ్యాను నా వైపు తిప్పి మరీ చెప్పాడు. అంత మర్యాదగా చెప్పబట్టే నాకు ఇప్పటికీ మండుతోంది. గట్టిగా అని ఉంటే నేనూ గట్టిగా అనేవాణ్ని.

నా చదువు ఎనిమిదో తరగతితో సరి. అట్ట మీద అక్షరం రాయడం ఎవరూ నేర్పలేదు. పామర్రు సెంటర్లో కొట్ల బోర్డులు, సినిమా వాల్‌పోస్టర్లు చూసి, ఆ వంపులు అరుగు మీద సుద్దముక్కతో దిద్ది నేర్చుకున్నాను. తర్వాత విజయవాడ వచ్చి బతుకంతా పుస్తకాలకు అట్టలు వేశాను. తలకట్టు ఎంత ఎత్తున కూర్చోవాలో, ఒత్తు ఎంత దిగితే కింది వరుసకు అడ్డం రాదో నా చేతికి తెలుసు. ఇప్పుడు అన్నిటికీ కంప్యూటర్లో ఒకటే అక్షరం. పెళ్లి శుభలేఖకూ అదే, కోచింగ్ కాలేజీ ఫ్లెక్సీకీ అదే, కవిత్వానికీ అదే.

నేను అట్టలు మానేసిన చాలా ఏళ్లకు, వన్‌టౌన్‌లో బైండింగ్ షాపు నడిపిన నా స్నేహితుడు భవానీపురంలో మా ఇంటికి వచ్చాడు. నేను అట్ట వేసిన పుస్తకాలు ఆయన కుట్టేవాడు. అలా కలిశాం. ఆయనదీ పామర్రు వైపే. వాళ్ల నాన్న కాలవ లాకుల దగ్గర నీటి తలుపులు ఎత్తి దించే లస్కరు. ఆ చిన్ననాటి సంగతులన్నీ ఆయన పుస్తకంగా రాశాడు. పేరు ‘లాకుల దగ్గర’.

“ఇన్నేళ్లూ ఊళ్లోవాళ్ల పుస్తకాలు కుట్టా గురూ. ఇది నాది. అక్షరం నీదే, బొమ్మా నీదే.”

“చెయ్యి వణుకుతోంది భాయ్.”

“వణకనీ. నువ్వు వేసేది నీళ్లేగా, అవి మాత్రం కదలకుండా ఉంటాయా?”

నీటిరంగుల బొమ్మలో తెల్లరంగు వాడను. తెలుపంటే రంగు తగలకుండా వదిలేసిన కాగితమే. అందుకని పేరును నేను రాయలేదు. పెన్సిలుతో సన్నగా గీసుకుని, దాని చుట్టూ కాలవ నీళ్లు వేశాను. వేసవంతా కట్టేసిన కాలవకు కొత్తగా నీళ్లు వదిలినప్పుడు వచ్చే మట్టి ఎరుపు, అంచున నురగ. మధ్యలో అక్షరాలు కాగితపు తెలుపుతోనే మిగలాలి. మా ఎండలకు రంగు పారేలోపే ఆరిపోయి చారలు కట్టేది. ఫ్యాను ఆపేసి, కిటికీలకు తడిగుడ్డలు కట్టి, పొద్దు పొడిచే వేళ వేసేవాణ్ని. ‘ద’ కడుపులోకి రంగు పారి ఒక కాగితం పాడైంది. ‘గ్గ’ ఒత్తు దగ్గర చెయ్యి జారి మరొకటి పోయింది. చివరికి ఒకటి కుదిరింది. ఆ ఒత్తు కింద నీడ పడ్డట్టు రంగు దానంతటదే చిక్కబడింది. అలాంటిది కావాలంటే రాదు.

స్నేహితుడు దాన్ని కిటికీ వెలుగులోకి తీసుకెళ్లి చూశాడు. “మా నాన్న కాళ్లు ఎప్పుడూ ఈ రంగులోనే ఉండేవి” అన్నాడు.

ఆ బొమ్మ పట్టుకునే ఇద్దరం ప్రచురణకర్త దగ్గరికి వెళ్లాం.

“బొమ్మ అద్భుతమండీ. ఫోన్‌లో చూస్తే పేరే నీళ్లలో కలిసిపోతోంది. ఆ తెల్లక్షరాల్ని కంప్యూటర్లో నీళ్లతో నింపేసి, పైన పసుపు రంగులో లావుగా వేసుకుందాం. మీకు అభ్యంతరం లేదు కదండీ?”

నేను స్నేహితుడి వంక చూశాను. ఆయన నా వంక చూశాడు.

“ఆర్టిస్టు ఆయనండీ. ఆయన ఎలా అంటే అలాగే” అన్నాడు స్నేహితుడు.

“పుస్తకం ఆయనది. ఆయన ఇష్టమే నా ఇష్టం” అన్నాను నేను.

“అయితే ఇద్దరికీ ఓకే!” అని ప్రచురణకర్త సంతోషంగా ఇంకో టీ చెప్పాడు.

బోర్డు మీద ఒక ఒత్తు తప్పితే కొట్టువాడితో నడిరోడ్డు మీద తగువు పెట్టుకునే మనిషిని. ఆ రోజు మాత్రం వద్దనలేకపోయాను. ఈ వయసులో ఆయనకు వస్తున్న తొలి పుస్తకం నా పంతం వల్ల ఆగిపోతే? పైకి అనలేకపోతున్నాడుగానీ ఆయనకూ లావు అక్షరాలే కావాలేమో? మా వైపు ఎదుటివాడి మనసులో ఏముందో ఎదుటివాణ్ని అడగం. మనమే ఊహించుకుని దానికి తలవంచుతాం. అది పెద్దమనిషి తరహా అట!

పుస్తకం అచ్చయి వచ్చాక స్నేహితుడే ఆటోలో తెచ్చి ఇచ్చాడు. పసుపు అక్షరాలు, చుట్టూ నల్లగీత. నా అక్షరాలున్న చోట పక్కనున్న నీళ్లనే కోసి అతికించినట్టున్నారు, ఒకే నురగ రెండు చోట్ల కనబడుతోంది.

“బాగుంది భాయ్” అన్నాను.

“అబద్ధాలాడకు. ఎరువు బస్తా మీద పేరులా ఉంది.”

“మరి ఆ రోజు చెప్పొచ్చుగా!”

“నువ్వు చెప్తావనుకున్నా. ఊరందరితో గొడవ పడతావు, నా పుస్తకం దగ్గరకొచ్చేసరికి సాధువైపోయావు. మళ్లీ వెయ్యాలంటే ఓపిక లేక ఒప్పుకున్నావేమోనని ఊరుకున్నా.”

“నేనేమో నీకు లావు అక్షరాలు కావాలేమోనని...”

“నాకెందుకయ్యా లావు అక్షరాలు?”

నవ్వబోయాడు. నవ్వు రాలేదు. అసలు బొమ్మ నా బీరువాలోనే ఉంది. తీసిచ్చి, కనీసం నీ కాపీకైనా దీన్ని అట్టగా కట్టుకోమన్నాను. దాన్ని రెండు చేతులతో పట్టుకుని చూసి, మళ్లీ నాకే ఇచ్చేశాడు.

“నా ఒక్కడికి ఎందుకు గురూ? అందులో ఏముందో నాకు తెలుసుగా. తెలియనివాళ్లు చూస్తారనే కదా నీతో వేయించుకుంది.”

లేచి చెప్పులు వేసుకుంటూ, “రెండో ముద్రణలో మార్పిద్దాంలే” అన్నాడు.

తెలుగు పుస్తకానికి రెండో ముద్రణ సంగతి అట్టలు వేసినవాడికీ తెలుసు, కుట్టినవాడికీ తెలుసు.

“అలాగే భాయ్” అన్నాను.